2,800 పెట్టి కొన్న గోనెసంచి వాసన

ప్రశ్న: అన్నా, నాకు 29 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకులో చేస్తున్నాను. ఇన్నాళ్లూ డియోలతోనే నెట్టుకొచ్చాను. ఈమధ్య యూట్యూబ్‌లో రివ్యూలు చూస్తే, తక్కువ ధరలో మగవాళ్లకి ఇంతకంటే మంచి వుడీ (చెట్టు, చెక్క వాసనల) పర్‌ఫ్యూమ్ లేదన్నారు. సరేనని లాలిక్ కంపెనీ ‘ఆంక్ర్ నువార్’ 100 ఎం.ఎల్. సీసా ఆన్‌లైన్‌లో 2,800కి తెప్పించాను. మొదటిరోజు కొట్టుకోగానే సిరాలాగా, తడిమట్టిలాగా ఏదో ఘాటు. మా ఆవిడైతే ‘వానకి తడిసిన గోనెసంచి వాసనొస్తోంది, అవతలికి పొండి’ అంది. ఆఫీసుకెళ్లి అరగంట తిరక్కుండానే నాకు వాసనే తెలియలేదు. మణికట్టు ముక్కుకి ఆనించుకున్నా అంతంతమాత్రమే. రివ్యూల్లో ఎనిమిది గంటలుంటుంది అన్నారు. ఇది డూప్లికేటా? నా ఒంటికి పడలేదా? లేక అసలు సరుకే అంతా? వాడదామంటే ఇంట్లో మాటపడాలి, పారేద్దామంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ముందుగా ఒక మాట. మీ ఆవిడ ముక్కు మంచి ముక్కు. ఆవిడ పసిగట్టిన గోనెసంచి ఆ సీసాలో నిజంగానే ఉంది. అది వట్టివేళ్ల వాసన. నతాలీ లోర్సన్ అనే పర్‌ఫ్యూమర్ 2006లో లాలిక్ కోసం దీన్ని తయారుచేసినప్పుడు పైపైన సైప్రస్ చెట్టు ఘాటు పెట్టి, మిగతాదంతా దాదాపుగా వట్టివేళ్ల మీదే నిలబెట్టారు. హైతీ దేశం నుంచి వచ్చే రకం ఒకటి, రీయూనియన్ దీవి రకం ఇంకొకటి. అడుగున మెత్తదనానికి కాష్మెరాన్ అనే ప్రయోగశాల పదార్థం, మస్క్ (కస్తూరిలాంటి వాసన). అంతే సరుకు. పూలు లేవు, పళ్లు లేవు, తీపి లేదు. డియోలు వాడిన ముక్కుకి ఇది ఒక్కసారిగా తగిలితే బెదిరిపోవడంలో వింతేం లేదు. డియోల్లో మొదటి క్షణం నుంచీ నిమ్మ, పుదీనా, స్నానం చేసొచ్చిన తాజాదనం ఉంటాయి. ఇందులో మొదటి క్షణమే అన్నిటికంటే కష్టమైన క్షణం.

రూపాయి ఖర్చు లేనట్టే ఒక పని చేయండి. పూజసామాను అమ్మే కొట్లోనో, మూలికల కొట్లోనో ఒక చిన్న కట్ట వట్టివేళ్లు కొనుక్కురండి. పొడిగా ఉన్నప్పుడు వాసన చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు, ఎండుగడ్డిలా ఉంటుంది. ఒక గిన్నెలో నీళ్లుపోసి అందులో వేసి పది నిమిషాలాగి చూడండి. మట్టి, పచ్చివేరు, కొంచెం పొగ, వెనకాల ఎక్కడో చిన్న చేదు, దానికి కూడా వెనకాల చల్లదనం. ఇప్పుడు మణికట్టు మీద మీ పర్‌ఫ్యూమ్ ఒక్క స్ప్రే కొట్టుకుని, గిన్నె దగ్గరా మణికట్టు దగ్గరా మార్చి మార్చి చూడండి. సీసాలో ఏముందో మీకే అర్థమైపోతుంది. కుదిరితే మీ ఆవిడని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. వేసవిలో కిటికీలకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన ఇళ్లు, మంచినీళ్ల కుండలో చిన్న వట్టివేళ్ల ముడి వేసిన ఇళ్లు మన వైపు చాలానే ఉండేవి. ఆవిడ వాళ్లింట్లో పెద్దవాళ్లని అడిగితే ఇది ఏ జ్ఞాపకానికి చెందిన వాసనో చెప్తారు. తెలియని వాసన మీద విసుక్కున్నంతగా తెలిసిన వాసన మీద ఎవరూ విసుక్కోరు.

ఇక మీ అసలు కంప్లయింటు. అరగంటకే వాసన మాయమైంది అన్నారు. పోయింది వాసన కాదు, మీ ముక్కు పట్టించుకోవడం మానేసింది. పూజగదిలో అగరుబత్తి వెలిగించి అక్కడే కూర్చున్నవాళ్లకి కాసేపటికి వాసన తెలియదు. వీధిలోంచి వచ్చినవాళ్లకి గుమ్మంలోనే తెలుస్తుంది. మీ మెడ దగ్గర, ఛాతీ మీద కొట్టుకున్న పర్‌ఫ్యూమ్ రోజంతా మీ ముక్కుకి జానెడు దూరంలోనే ఉంటుంది. అంత దగ్గరగా, అంతసేపు ఒకే వాసన తగులుతుంటే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఏ పర్‌ఫ్యూమ్‌కైనా ఇది జరుగుతుంది గానీ, వుడీ పర్‌ఫ్యూమ్‌లకి మరీ ఎక్కువ. వీటిలో వాడే కొన్ని పదార్థాల అణువులు పెద్దవి, బరువైనవి. కొన్ని రకాల మస్కులు కొందరి ముక్కులకి పుట్టుకతోనే తెలియవు. ఈ రకం పర్‌ఫ్యూమ్‌లలో విరివిగా వాడే ఐసో ఈ సూపర్ అనే పదార్థమైతే ఇంకా చిత్రం. వేసుకున్నవాళ్లకి ఒకసారి తెలుస్తుంది, కాసేపు తెలియదు, మళ్లీ ఎక్కడినుంచో వస్తుంది. పక్కనున్నవాళ్లు మాత్రం ‘ఏం పర్‌ఫ్యూమ్ అది?’ అని అడుగుతూనే ఉంటారు.

అందుకే పర్‌ఫ్యూమ్ ఎంతసేపు నిలిచిందో వేసుకున్నవాళ్లు సొంత ముక్కుతో తేల్చుకోలేరు. మణికట్టుని పదేపదే ముక్కుకి ఆనించుకుంటే ఆ మిగిలిన స్పృహ కూడా పోతుంది. మీరు చేయాల్సింది ఇంకోటి. మామూలు తెల్లకాగితాన్ని వేలెడు వెడల్పుగా చింపండి, దానిమీద ఒక స్ప్రే కొట్టండి, పెన్సిల్‌తో టైము రాయండి, మీరుండని గదిలో ఫ్యాను కింద కాకుండా పెట్టండి. పది నిమిషాలకి, గంటకి, మూడు గంటలకి, రాత్రి పడుకోబోయే ముందు, మర్నాడు పొద్దున వెళ్లి వాసన చూడండి. ప్రతిసారీ బయట గాలి పీల్చుకుని వెళ్లండి. (షాపుల్లో మధ్యమధ్య కాఫీ గింజలు వాసన చూపిస్తారు, అదంతా హంగామా. మామూలు గాలి అంతే పనిచేస్తుంది.) మర్నాడు పొద్దున కూడా ఆ కాగితం మీద శుభ్రమైన పొడికట్టె వాసన తేలిగ్గా మిగిలి ఉంటే, సీసాలో సరుకు ఉన్నట్టే. చేతిరుమాలు మీద కొట్టి కూడా ఇదే పరీక్ష చేయొచ్చు.

ఇలా చూసినప్పుడే వుడీ పర్‌ఫ్యూమ్ అసలు స్వరూపం బయటపడుతుంది. నిమ్మ, నారింజ తొక్కల్లో వాసననిచ్చే లిమోనిన్ అణువులో కార్బన్ పరమాణువులు 10. వట్టివేళ్ల నూనెలోని ఖుసిమాల్, గంధం నూనెలోని శాంటలాల్ లాంటివాటిలో 15. చిన్నవి ముందు ఎగిరిపోతాయి, పెద్దవి తీరిగ్గా కదుల్తాయి. కాబట్టి నిమ్మవాసన పర్‌ఫ్యూమ్‌ని మొదటి పది నిమిషాల్లో జడ్జ్ చేస్తే పెద్ద నష్టం లేదు, దాని సొగసంతా అక్కడే. చెట్టు వాసనలకి ఆ లెక్క పనికిరాదు. మీ సీసా విషయానికే వస్తే, మొదటి పావుగంట ఆ సిరా ఘాటు, చీకటిగా ఉన్న తోటలోకి అడుగుపెట్టినట్టు. గంటకల్లా ఘాటు దిగి తడివేరు, పొగ పైకొస్తాయి. మీ ఆవిడ గోనెసంచి అన్నది ఈ రెంటి మధ్యలో. మూడో గంటకి తడి ఆరిపోతుంది. కాష్మెరాన్, మస్క్ తెలుస్తూ మెత్తగా, ఇస్త్రీ చేసిన బట్టలా ఒంటికి అంటుకుని ఉంటుంది. ఈ సీసాకి డబ్బు పెట్టేది ఆ మూడో గంట కోసమే. మీరు దాన్ని ఇంకా చూడనే లేదు.

షాపులో టెస్టర్ కొట్టించుకుని అక్కడికక్కడే కొనేసే అలవాటుంటే, ఈ రకం పర్‌ఫ్యూమ్‌ల విషయంలో మానుకోండి. కంపెనీలకి కొనేవాళ్ల ముక్కు పది నిమిషాల ముక్కని బాగా తెలుసు, అందుకని ఖర్చూ హడావుడీ అంతా ఆ పది నిమిషాల మీదే పెట్టి, తర్వాతి ఆరుగంటలూ ఏదో సబ్బువాసనతో సరిపెట్టేవి బోలెడున్నాయి. ఒకచోట కొట్టించుకుని, బజారు పనులు చూసుకుని, కాఫీ తాగి, ఇంటికెళ్లేటప్పుడు చొక్కా చేతిని వాసన చూడండి. అప్పటికీ బాగుంటే మర్నాడు వచ్చి కొనండి.

రివ్యూల్లో చెప్పే ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు, ‘బీస్ట్ మోడ్’ (ఘాటుగా, గంటలకొద్దీ నిలుస్తుందని) లాంటి మాటల్ని సగం నమ్మండి. వాటిలో కొన్ని చలిదేశాల్లో, ఊలు కోటు మీద కొట్టుకుని చెప్పినవి. విజయవాడ మే నెలలో చెమట, ఉక్క, స్కూటర్ మీద ఎదురుగాలి – ఈ మూడింటి మధ్య ఏ పర్‌ఫ్యూమైనా తొందరగా ఎగిరిపోతుంది. ఒంటి వేడి ఎక్కువైతే వాసన ముందు గట్టిగా కొట్టి, త్వరగా తగ్గిపోతుంది. పైగా మీది ఓ ద తువాలెట్, అంటే అత్తరు శాతం తక్కువగా ఉండే రకం. మన ఎండల్లో ఒంటి మీద నాలుగైదు గంటలు, బట్ట మీద ఇంకాసేపు నిలిస్తే దానికి ఫుల్ మార్కులే వేయాలి.

వేసుకునే పద్ధతి గురించి ఒకటి రెండు మాటలు. స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరనివ్వండి. చర్మం పొడిబారి ఉంటే వాసన నిలవదు. వాసన లేని లోషనో, రెండు చుక్కల కొబ్బరినూనో కొట్టుకునే చోట రాసుకోండి. ఛాతీ మీద ఒకటి, మెడ వెనక ఒకటి, మొత్తం రెండు స్ప్రేలు. డిసెంబరులో కావాలంటే మూడు. ముంజేతులు రెండూ రుద్దుకోవడం మానేయండి. రుద్దితే అణువులు విరిగిపోతాయని కొందరంటారు, అలా ఏం జరగదు. వేడెక్కి పైవాసన తొందరగా పోతుంది, అంతే. బట్ట మీద కొట్టుకుంటే బాగా నిలుస్తుంది కానీ, తెల్లచొక్కా అయితే లోపలివైపు, కనపడని అంచు మీద ముందు ఒకసారి పరీక్షించి చూడండి. కొట్టుకున్న వెంటనే బయల్దేరకండి. పావుగంట ముందే కొట్టుకుని, టిఫిన్ తిని, షూ వేసుకుని బయటపడితే ఆ కష్టమైన మొదటి ఘట్టం ఇంట్లోనే అయిపోతుంది. ‘ఇంట్లోనే’ అంటే బాల్కనీలో. మీ ఆవిడ పక్కన కాదు.

ఇంకో పెద్ద తప్పు చాలామంది చేసేదే. మల్లెపూల వాసన సబ్బు, దానిమీద మెంథాల్ పౌడరు, దానిమీద ఘాటైన డియో, తలకి వాసన నూనె, అన్నిటికీ మీదుగా పర్‌ఫ్యూమ్. ఐదు వాసనలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే వట్టివేరు పాపం ఎక్కడ కనబడుతుంది? మీరు డియోల నుంచి వచ్చారు కాబట్టి డియో మీద పర్‌ఫ్యూమ్ కొట్టి ఉంటారని నా అనుమానం. చెమటకైతే వాసన లేని రకం డియో ఒకటి వాడుకోండి, పౌడరు మానేయండి. ఒక వారం ఇలా చేసి చూస్తే మీ సీసా వేరే సీసాలా అనిపిస్తుంది. పర్‌ఫ్యూమ్ చెమటవాసనని కప్పేస్తుందన్న ఆశ కూడా వదులుకోండి, రెండూ కలిసి మూడోది పుడుతుంది.

బ్యాంకు కౌంటర్లో కూర్చుంటారు కనుక ఒక సంగతి మీకు కలిసొస్తుంది. మూరెడు దూరం దాటి పాకని వాసన ఏసీ గదిలో మర్యాద. ఎదురుగా కూర్చున్న కస్టమర్‌కి లీలగా తెలిసి, పక్క కౌంటర్ దాకా వెళ్లకుండా ఉంటే అదే సరైన మోతాదు. మీ ముక్కుకి తెలియడం లేదని మధ్యాహ్నం ఇంకో నాలుగు కొట్టుకున్నారో, తలనొప్పి పక్కవాళ్లది.

డూప్లికేటా అన్న అనుమానం ఎలా తీర్చుకోవాలి? అట్టపెట్టె అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూడండి. ఆంక్ర్ నువార్ నల్లటి గాజుతో, సిరాబుడ్డిలా చదరంగా, చేతికి బరువుగా ఉంటుంది. మూత చెక్కతీరులో ఉండాలి. స్ప్రే సన్నటి తుంపరలా పడాలి, ధారలా కాదు. మనదేశంలోకి సక్రమంగా దిగుమతి అయిన కాస్మెటిక్స్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది లేనంత మాత్రాన నకిలీ అని చెప్పలేం, దొడ్డిదారిన వచ్చిన అసలు సరుకు కూడా కావచ్చు. కానీ గొడవ వస్తే పట్టుకోవడానికి మనిషి దొరకడు. ఈ గుర్తులతోపాటు పైన చెప్పిన కాగితం పరీక్ష కూడా చేయండి. నకిలీలు మొదటి ఐదు నిమిషాలు బాగానే నటిస్తాయి. మూడో గంటకి కాగితం మీద స్పిరిట్‌లాంటి, ప్లాస్టిక్‌లాంటి మొండివాసన మాత్రమే మిగిలితే వాపసు పెట్టండి. చర్మం మీద దురదో దద్దురో వస్తే మాత్రం, అసలైనా నకిలీ అయినా, వాడటం ఆపేయండి.

మీ ధర గురించి చెప్పాలి, ఎందుకంటే చవకలో వుడీ పర్‌ఫ్యూమ్ కొనేవాళ్లు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. అన్ని చెట్లూ ఒక ధర కాదు. గంధం నూనె అసలైనదైతే కిలో లక్ష రూపాయల పైమాటే. చెట్టు చేవ తేలడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది, ఆ చేవలోంచే నూనె తీయాలి. మూడువేల లోపు సీసా మీద ‘శాండల్‌వుడ్’ అని బంగారు అక్షరాలతో రాసి ఉంటే, లోపలున్నది ప్రయోగశాలలో చేసిన గంధం వాసన. అదేం పాపం కాదు, పెద్దపెద్ద కంపెనీలూ అవే వాడతాయి. చిక్కల్లా మనతోనే. సానమీద గంధం అరగదీసిన ఇంట్లో పెరిగిన ముక్కు, సింహాచలం చందనోత్సవానికి వెళ్లొచ్చిన ముక్కు చవక శాండల్‌వుడ్‌కి ఒక పట్టాన లొంగదు. ఊద్ సంగతి మరీ దారుణం. అగరు చెట్టుకి బూజు సోకి, ఆ గాయం చుట్టూ ఊరిన జిగురుకట్టె నుంచి వచ్చేది అది. మేలురకం బంగారంతో పోటీపడే ధర. రెండువేల రూపాయల ఊద్‌లో ఊద్ ఉండదు. అన్నట్టు, శేషాచలం కొండల ఎర్రచందనం పేరు చూసి అది సుగంధ ద్రవ్యం అనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ దుంగకి చెప్పుకోదగ్గ వాసనే లేదు. దాని గిరాకీ రంగుకీ, చెక్కకీ.

మరి తక్కువ ధరలో నిజాయితీగా దొరికేవేవి? దేవదారు జాతి వాసనలు, వట్టివేరు. అమెరికాలో వర్జీనియా సెడార్ అని పిలిచే చెట్టు నిజానికి జునిపర్ జాతిది. ఒకప్పుడు పెన్సిళ్లు ఎక్కువగా దాంతోనే చేసేవారు, పెన్సిల్ చెక్కితే వచ్చే వాసనగా పేరుపడింది అదే. దాని నూనె ఎక్కువగా కోతమిల్లుల్లో మిగిలిన రంపపుపొట్టు నుంచి తీస్తారు, అందుకే చవక. వట్టివేరు నూనె అంత చవక కాకపోయినా గంధంతో పోలిస్తే అందుబాటులో ఉంటుంది. పైగా కొంచెం వేసినా గట్టిగా మాట్లాడుతుంది. అందుకని మీ బడ్జెట్‌లో మీరు ఎంచుకున్న దారి తప్పు దారి కాదు. శాండల్‌వుడ్, ఊద్ అని రాసినవి వదిలేసి వట్టివేరు వైపు వచ్చారు, తెలిసో తెలియకో మంచి పనే చేశారు.

ఇదే వట్టివేరుని వెలుతురుగా చూడాలంటే, అదే 2006లో వచ్చిన ఎర్మెస్ వాళ్ల తేర్ ద ఎర్మెస్ ఉంది. నారింజ, చెకుముకి రాయి, వట్టివేరు. అందరికీ నచ్చే తత్వం దానిది, ధర మాత్రం మీ సీసాకి ఎన్నో రెట్లు. షాపులో ఉచితంగా ఒకసారి చేతిమీద కొట్టించుకుని వచ్చి మీదానితో పోల్చి చూడండి, డబ్బు తేడా ఎక్కడ కనబడుతోందో తెలుస్తుంది: మొదటి గంటలో చాలా, నాలుగో గంటలో కాస్త. మీ బడ్జెట్లోనే తీపి, వెచ్చదనం కావాలనుకుంటే బెంట్లీ ఫర్ మెన్ ఇంటెన్స్ (2013) చూడొచ్చు. అదీ నతాలీ లోర్సన్ చేసిందే. రమ్, దాల్చినచెక్క, సాంబ్రాణి ధూపంలాంటి వాసన. కానీ కృష్ణా తీరంలో దాన్ని నవంబరు నుంచి జనవరి దాకా, అదీ సాయంత్రం పెళ్లిళ్లకి మాత్రమే వాడమంటాను. ఎండలో కొట్టుకుంటే మీ ఆవిడ అనే మాట గోనెసంచితో ఆగదు. ఏది కొన్నా ముందు 5 ఎం.ఎల్. శాంపిలో, 20 ఎం.ఎల్. చిన్నసీసానో తీసుకోండి. రివ్యూ చూసి ఒకేసారి 100 ఎం.ఎల్. కొనడం మన ఇళ్లలో అలమరా నిండా సగం వాడిన సీసాలు పేరుకోవడానికి ముఖ్య కారణం.

హైదరాబాదు వెళ్లే పనిబడితే చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ అత్తరు దుకాణాల్లో ఖస్ (అంటే వట్టివేరే) అత్తరు అడగండి, దొరికితే రూహ్ ఖస్. రాగిపాత్రల్లో బట్టీపెట్టి తీసిన ఆ నూనె పచ్చగా ఉంటుంది, చాలా చిక్కన. కొనకపోయినా చేతి వెనక ఒక చుక్క రాయమంటే రాస్తారు. అది చూశాక ఆంక్ర్ నువార్ చాలా సౌమ్యంగా అనిపిస్తుంది.

ఇక ఇంటి సంగతి. ‘ఎలా ఉంది?’ అని మీ ఆవిడని కొట్టుకున్న వెంటనే అడగకండి, జవాబు మీకు తెలుసు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక, ‘పొద్దున కొట్టుకున్నది ఇంకా ఏమైనా వస్తోందా?’ అని మాత్రం అడగండి. ఈ ప్రశ్నకి వచ్చే జవాబే మీ లాంగివిటీ రిపోర్టు, నచ్చిందో లేదో కూడా అందులోనే తెలిసిపోతుంది. రెండువారాలు, వాసన డియో లేకుండా, రెండేసి స్ప్రేలతో వాడండి. సీసాని బాత్రూంలోనో, కారు డాష్‌బోర్డు మీదో కాకుండా బీరువాలో అట్టపెట్టెలోనే ఉంచండి. ఎండ, వేడి తగలకపోతే ఏళ్ల తరబడి పాడవదు. నెలరోజులు పక్కన పెడితే లోపల ముదిరి ఘాటెక్కుతుందని ఆన్‌లైన్‌లో చెప్పే మాట మీద మాత్రం ఆశపెట్టుకోకండి, ఈలోగా మారేది ఎక్కువగా మన ముక్కే.

రెండువారాల తర్వాత కూడా ఆవిడకి పడకపోతే, ఆవిడ మాటే నెగ్గాలి. రోజూ పక్కన కూర్చుని పీల్చేది ఆవిడే కదా. అప్పుడు దాన్ని ఆఫీసుకి మాత్రం వాడుకోండి, డ్రాయర్లో పెట్టుకుని అక్కడే కొట్టుకోండి. ఇంటికి వేరే చిన్న సీసా ఒకటి, ఈసారి ఆవిడని షాపుకి తీసుకెళ్లి, ఆవిడ చేతి మీదే కొట్టించి కొనండి.